ఆ తొడల మిషన్ కొనకండి, నా 2,499 పోయినట్టే

తొడల మధ్య పెట్టుకుని నొక్కే నీలం స్ప్రింగ్ మిషన్ ఉంది కదా, రీల్స్ తెరిస్తే చాలు అదే, ‘దగ్గినా తుమ్మినా చుక్క పడదు, 15 రోజుల్లో స్ఫింక్టర్ టైట్’ అంటూ. స్ఫింక్టర్ అంటే మూత్రాన్ని పట్టి ఆపే కండరం. కొన్నాను. ఇద్దరు పిల్లలు పుట్టాక దగ్గితే మూత్రం పడి తడయ్యే బాధ నాకూ ఉంది, మిగతాది మీకు తెలిసిందే.

నెలన్నర నొక్కాను. తొడలు పట్టేశాయి, ప్యాడ్ మాత్రం తప్పలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి ‘పర్సనల్ ఐటమ్ మేడమ్, వాడాక రిటర్న్ ఉండదు’ అన్నాడు. సరే, ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసే ఉంటారు. అసలు పనే చేయలేదయ్యా అంటే ‘ఎన్ని డెలివరీలు?’ అన్నాడు. రెండు అన్నాను, ఎందుకు చెప్పానో! ‘రెండయ్యాక మిషన్ మాత్రం ఏం చేస్తుంది మేడమ్’ అనేసి, మ్యూట్‌లో ఉందనుకున్నాడేమో, పక్కవాడికి అదే మాట మళ్లీ చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. అమ్మేటప్పుడు మాత్రం ‘తల్లుల కోసమే’ అట!

నా మీద నాకే ఎక్కువ మంట. పదో తరగతికి బయాలజీ చెప్తాను నేను. ప్రసేకం, అంటే మూత్రాశయం నుంచి మూత్రం బయటికొచ్చే గొట్టం, స్త్రీలలో 4 సెం.మీ., పురుషుల్లో 20 సెం.మీ., సంవరణీ కండరాలు, అంటే అవే స్ఫింక్టర్లు, అని ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ. ఆ కండరం ఎక్కడ, తొడ ఎక్కడ అని ఒక్కసారైనా అనుకున్నానా?

నిన్న ఫిజియోథెరపిస్ట్ దగ్గరికెళ్తే మొదటి మాటే ‘మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించండి, తొడలూ పిరుదులూ కదలకూడదు’. కదలకూడదట! నెలన్నర నేను కదిపింది అవే. మూత్రాశయం మెడ దగ్గరుండే లోపలి కండరం మన మాట వినదు, దానంతటదే పనిచేస్తుంది. మన చేతిలో ఉన్నది దాని కిందుండే బయటి సంవరణి, ప్రసేకం చుట్టూ గుర్రపు నాడాలా ఉంటుంది. దాన్నీ, అడుగున ఊయలలా మోసే కటి కండరాలనీ నడిపే నరాలు వెన్నుపాము అడుగు నుంచి వస్తాయి, కాన్పులో సాగేవీ దెబ్బతినేవీ ఇవే. తొడ లోపలి కండరానికి నరమే వేరు, స్ప్రింగ్ ఎంత నొక్కినా వీటికి కబురైనా అందదు. ఆ బిగింపు వ్యాయామం కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లోనే రాశాడు, పైసా ఖర్చు లేదు, కాకపోతే మూడు నెలలు ఓపిక పట్టాలట.

కొనేముందు గైనకాలజిస్టుకో ఫిజియోకో చూపించుకోండి. దగ్గు తుమ్ము లేకుండా ఉన్నట్టుండి ఆగలేకపోతుంటే అది మూత్రాశయం గొడవ, దాని వైద్యం వేరు. అయినా కొంటామంటే మీ ఇష్టం, ఆ కుర్రాడికి డెలివరీల లెక్క మాత్రం చెప్పకండి.