చంద్రగిరి దగ్గరి చెక్క గానుగ: నూనెతో పాటు వేరుశనగ చెక్క కూడా ఇంటికి తెచ్చుకోండి

పాకాల దగ్గర మాకు రెండెకరాల చేను ఉంది, వానే ఆధారం. తిరుపతి వ్యవసాయ పరిశోధనా కేంద్రం విడుదల చేసిన ధరణి రకం చెనిక్కాయ (వేరుశనగ) వేశాం, 28 బస్తాలయ్యాయి. 2024-25లో కేంద్రం చెప్పిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు, అంటే 40 కిలోల బస్తాకు 2,713. కళ్లంలోకి వచ్చిన వ్యాపారి 2,200 దాటనే లేదు. విత్తనానికీ ఇంటికీ కొన్ని దాచి, మిగతావి ఇచ్చేశాం. దాచినవాటిలో మూడు బస్తాలు పక్కన పెట్టుకున్నాం, నూనె ఆడించి చూద్దామని.

ఈ గానుగకు ఎద్దుల్లేవు, మోటారుతో తిరుగుతుంది. రోలూ రోకలీ మాత్రం కొయ్యవే. మొదటిసారి శాంపిలుగా ఒక చిన్న సంచి పట్టుకుని బస్సులో వెళ్లాను. గానుగాయన గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి రెండు బద్దలు చేసి వాసన చూశాడు. ఇంకోటి కొరికాడు. "అక్కా, టక్కుమని విరగడం లేదు, సాగతా ఉంది. ఇంకా రెండెండలు పడనీ" అన్నాడు. ఆడించేసి డబ్బు తీసుకుని పంపించొచ్చు, ఆయన ఆ పని చెయ్యలేదు. ఆ ఒక్క మాటకే నాకు ఆ గానుగ మీద నమ్మకం కుదిరింది. చెమ్మ ఉన్న కాయకు బూజు పడుతుంది, ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషం వంటింట్లో కాచినా పోదు. మన పిల్లలు తినే నూనె కదా.

ఇంటికొచ్చి మూడు రోజులు ఎండబెట్టాం. కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి, అదీ గుర్తు. మిషన్లో ఒలిపిస్తే 84 కిలోల గింజలు వచ్చాయి. మా అత్తా నేనూ కూర్చుని నల్లవీ, ముడతలు పడ్డవీ ఏరేసరికి 4 కిలోలు పోయాయి.

80 కిలోలకు ఐదు వాయిలు. ఒక్కో వాయికి దాదాపు గంట. నలిగిన పిండి మీద కాసిని నీళ్లు చిలకరిస్తారు, అప్పుడే నూనె విడుతుంది. మొత్తం 32 లీటర్ల నూనె, 48 కిలోల చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి). నూనెను స్టీలు గిన్నెలో పోసి, పైన పల్చటి గుడ్డ కట్టి మూడు రోజులు ఎండలో పెట్టాను. మడ్డి అడుక్కి దిగి, పైన తేనె రంగులో నూనె తేరింది.

కూలీ కిలో గింజలకు 12 రూపాయలు, మొత్తం 960. అయితే చెక్క తమకే వదిలేస్తే కూలీ వద్దంటారు. నా పక్కన నిలబడిన ముగ్గురూ ఊరికే ఆడిస్తున్నారు కదా అని వదిలేసి వెళ్లారు. మా ఊళ్లో చెక్క కిలో 40 రూపాయలు. 48 కిలోలంటే 1,920. 960 మిగిలిందనుకుని దానికి రెట్టింపు అక్కడే వదిలేసినట్టు. దయచేసి ఆ పని చెయ్యకండి.

5 లీటర్లు ఇంటికి ఉంచుకుని, 27 లీటర్లు తిరుపతి బైరాగిపట్టెడలో మా పిన్నమ్మ వాళ్ల అపార్టుమెంటులో లీటరు 320కి అమ్మాను. 8,640 వచ్చింది. కూలీ, ఒలిపించడానికి 180, ఆటో 400, సీసాలు 270 తీసేస్తే మిగిలింది 6,830. అవే మూడు బస్తాలు వ్యాపారికి ఇస్తే 6,600. డబ్బులో తేడా 230 మాత్రమే, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా. మాకు నిజంగా కలిసొచ్చింది ఇంట్లో మిగిలిన నూనె, చెక్క. రాత్రి అరకిలో చెక్క నానబెట్టి పొద్దున తవుడుతో కలిపి పెడితే మా ఆవుకు మూడు నెలలు సరిపోతుంది. దాని పేడ మళ్లీ అదే చేనుకు వెళ్తుంది. నూనె కొన్న వాళ్లలో ఇద్దరు నురగ వస్తోందని ఫోన్ చేశారు. రిఫైన్ చెయ్యని నూనె కాగేటప్పుడు మొదట్లో కొంచెం నురగ వస్తుందని చెప్పాక మళ్లీ కావాలన్నారు.

లోపాలూ ఉన్నాయి. మాకు ముందు ఎవరిదో నువ్వులు ఆడించి, రోలు సరిగా తుడవకుండానే మా గింజలు పోశారు. మొదటి వాయి నూనెలో నువ్వుల వాసన తెలిసిపోయింది. ఇంటికి ఆ నూనే ఉంచుకున్నాం. అడిగితే కాదనకుండా తర్వాతి వాయికి ముందు రోలంతా గుడ్డతో తుడిచారు, కానీ అడగకముందే చెయ్యాల్సిన పని అది. మధ్యలో కరెంటు పోయి గంటన్నర ఎండలో నిలబడ్డాం, కూర్చోవడానికి చిన్న నీడ కూడా లేదు. ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు, ఇది చాలా ఇబ్బంది. వాళ్ల దగ్గర ప్లాస్టిక్ క్యాన్లే దొరుకుతాయి, మీ స్టీలు క్యాన్లు మీరే తీసుకెళ్లండి.

విత్తనానికి దాచింది పోను ఇంకో నాలుగు బస్తాలున్నాయి. మాఘంలో మళ్లీ అక్కడికే వెళ్తున్నాం. గానుగాయనకు ముందే ఫోన్ చేసి, నువ్వుల వాళ్ల కంటే ముందు వాయి మాకే ఇవ్వమని చెప్పాను. సరేనన్నాడు.