హోల్స్ట్ ఇల్లు, కూతురి సమాధి, గోంగూరకి పాతిక పౌండ్లు

ముందే చెప్పేస్తున్నాను. ఇంగ్లండులో సంగీతకర్త హోల్స్ట్ జాడలు చూడాలనుకుంటే చెల్ట్‌నమ్ తప్పకుండా వెళ్ళండి. థాక్స్‌టెడ్‌కి కారుంటేనే వెళ్ళండి. ఆల్డ్‌బరా కూడా వెళ్ళండి కానీ, మాలాగా ఫొటోలు చూసి మోజుపడి సముద్రం ఒడ్డున బస బుక్ చేసుకోకండి. గోంగూర పచ్చడి సీసా మూత తీసినందుకు అక్కడ 25 పౌండ్లు కట్టి వచ్చాం. ఆ కథ దాని చోట చెప్తాను, చెప్పకుండా ఎలాగూ వదలను.

మా అమ్మాయీ అల్లుడూ రెడింగ్‌లో ఉంటారు. ఈ వేసవికి మేమిద్దరం వెళ్ళినప్పుడు టవర్ బ్రిడ్జీ, రాజుగారి కోటా మళ్ళీ చూసేది లేదని తేల్చి చెప్పాను. నేను రాజమండ్రిలో సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. గుస్తావ్ హోల్స్ట్ అనే ఇంగ్లీషు సంగీతకర్త మన సావిత్రి కథను ఆపెరాగా చేశాడనీ, ఋగ్వేద సూక్తాలకు సంగీతం కట్టాడనీ చదివినప్పటినుంచీ ఆయన మీద నాకో అభిమానం. 1899లో, పాతికేళ్ళ వయసులో, ట్రాంబోన్ వాయించి పొట్టపోసుకుంటున్న రోజుల్లో, దొరికిన అనువాదాలు నచ్చక లండన్ యూనివర్సిటీ కాలేజీలో మేబుల్ బోడ్ అనే ఆవిడ దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడట. ఆ తర్వాత నిఘంటువు ముందేసుకుని, తనకు కావలసిన సూక్తాలను తనే ఇంగ్లీషు చేసుకున్నాడు. మా క్లాసులో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న పిల్లలు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

లోకానికి ఆయన ‘ది ప్లానెట్స్’ అనే వాద్యబృంద రచన వల్లే తెలుసు. దాన్ని 1914, 1916 మధ్య రాశాడు. ఏడు గ్రహాలు, భూమి లేదు, ప్లూటోని అప్పటికి ఇంకా కనిపెట్టలేదు. మిగతా సంగీతం మూలపడకుండా కాపాడింది మాత్రం ఒక్కగానొక్క కూతురు ఇమోజెన్. 1934లో తండ్రి పోయాడు, 1938కల్లా ఆయన జీవితచరిత్ర రాసింది. తర్వాత ఆయన సంగీతం మీద ఇంకో పుస్తకం రాసింది. అందులో తండ్రి అని మొహమాటపడకుండా, బాగాలేని రచన బాగాలేదని రాసేసింది. చాలా ఏళ్ళ తర్వాత కొంచెం మెత్తబడి, మళ్ళీ విని చూశానంటూ కొత్త వ్యాసం జోడించింది. మనవైపు తండ్రుల స్మారక సంచికలు చదివి చదివి ఉన్నదాన్నేమో, ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. అందుకే ఈ యాత్ర ఆయన కోసం ఎంతో ఆవిడ కోసమూ అంతే.

మావారు ఎల్.ఐ.సి.లో చేసి రిటైరయ్యారు. సంగీతమంటే ఘంటసాల. “నీ గ్రహాలాయన కోసం నా మోకాళ్ళు అరగదీస్తావా?” అంటూనే బయల్దేరారు.

రైలు టికెట్ల గురించి ఒక మాట. ఇద్దరు కలిసి తిరిగేవాళ్ళు ‘టూ టుగెదర్’ రైల్‌కార్డు తీసుకోండి. మాకు 35 పౌండ్లయింది. టికెట్‌లో మూడోవంతు తగ్గుతుంది, కాకపోతే పనిరోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర దాటాకే చెల్లుతుంది. రెడింగ్ నుంచి చెల్ట్‌నమ్‌కి మా ఇద్దరికీ రానూపోనూ 61 పౌండ్ల 40 పెన్నీలు. స్టేషన్ ఊరికి దూరం, బస్సెక్కాలి.

హోల్స్ట్ పుట్టిన ఇల్లు క్లారెన్స్ రోడ్డులో ఉంది. వరసగా గోడకు గోడ ఆనించి కట్టిన తెల్లటి ఇళ్ళలో ఒకటి. 1874లో ఆయన పుట్టాడు, 1975లో ఇది మ్యూజియం అయింది, అందుకు కూతురు గట్టిగా పూనుకుంది. ఇప్పుడు హోల్స్ట్ విక్టోరియన్ హౌస్ అంటున్నారు. వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్ళండి. కింద భూమిలోకి దిగిన వంటగది, పైన పిల్లల గది, ఆ కాలపు సామాన్లతో నిండుగా ఉంటాయి. నేను మాత్రం పియానో ఉన్న గదిలోనే పాతుకుపోయాను. ‘ప్లానెట్స్’ రాసుకున్న పియానో అదే. పెద్ద వైభవమేమీ లేదు, మామూలు ఇంట్లో ఉండే పియానోలాగే ఉంది. ఆయన కుడిచేతికి నరాల జబ్బు. వేళ్ళు మొరాయిస్తుంటే, తను పనిచేసే ఆడపిల్లల స్కూల్లోని సహోద్యోగినులు వ్యాలీ లాస్కర్, నోరా డే పక్కన కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టేవాళ్ళట. ఊళ్ళో ఇంపీరియల్ గార్డెన్స్‌లో ఆయన విగ్రహం ఉంది. దాని ఎడమచేతిలో వాద్యబృందాన్ని నడిపించే బెత్తం ఎందుకుందో ఈ సంగతి తెలిస్తేనే అర్థమవుతుంది. కూతురికి అదే గతి పట్టింది. ఎడమచెయ్యి వాచి నొప్పి పెట్టి, పియానో వాయించి బతకాలన్న ఆశ వదులుకుంది.

గదిలో ఉన్న వాలంటీరు డెబ్భై దాటిన పెద్దమనిషి. ఇండియా నుంచా అని అడిగి, సావిత్రి గురించి విన్నారా అన్నాడు. వినడమేమిటి, ఆ కథ పిల్లలకు పాఠంగా చెప్పానన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. హోల్స్ట్ చేసిన సూక్తాల్లో కప్పల పాట ఒకటుంది, మన మండూక సూక్తమే. అది అసలు ఎలా ఉంటుంది అని ఆయన అడగడం, నేను “సంవత్సరం శశయానా బ్రాహ్మణా వ్రతచారిణః” అని ఎత్తుకోవడం ఒకేసారి జరిగాయి. మావారు సిగ్గుతో కిటికీ వైపు తిరిగారు. వానకు కప్పలన్నీ ఒకదాని వెనక ఒకటి గొంతు కలపడం వేదం వల్లె వేసే పిల్లల్లా ఉందని చెప్పే సూక్తమిది అని వివరించాను. ఆయన మళ్ళీ చెప్పించుకున్నాడు. ‘శశయానా’ దగ్గర నాలుక తిరగక, నవ్వి, మళ్ళీ ప్రయత్నించాడు. ఇంకో గదిలోంచి ఇంకో వాలంటీరమ్మ వచ్చి నిలబడింది. మ్యూజియాల్లో నన్నెవరూ ఇలా పాఠం అడగలేదు. వెళ్ళేటప్పుడు ఆ పెద్దాయన మావారితో, మీ ఆవిడ గొంతు బాగుంది అన్నాడు. ఆ ఒక్క మాటతో మోకాళ్ళ నొప్పులు సాయంత్రం దాకా మాయం.

థాక్స్‌టెడ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఎసెక్స్‌లో చిన్న ఊరు, రైలు లేదు. శనివారం అల్లుడు కారులో తీసుకెళ్ళాడు. హోల్స్ట్ 1914 నుంచి పదేళ్ళకు పైగా ఇక్కడ కాపురమున్నాడు. చర్చి ఊరికి మించినంత పెద్దది. ఆ చర్చి పాదిరి కాన్రాడ్ నోయెల్‌తో కలిసి 1916లో పెంతెకోస్తు పండక్కి లండన్ నుంచి విద్యార్థుల్ని తీసుకొచ్చి పాటల పండగ చేశాడు. అప్పుడు ఇమోజెన్‌కి తొమ్మిదేళ్ళు. టౌన్ స్ట్రీట్‌లో వాళ్ళున్న ఇంటికి బయట ఫలకం ఉంది, లోపల ఎవరో కాపురముంటున్నారు కాబట్టి తొంగి చూడకండి. టీ, స్కోన్ అనే బన్నులాంటిది మనిషికి 7 పౌండ్ల 50. స్కోన్ బాగుంది. గాలిమర దాకా నడిచి వచ్చేయొచ్చు, పూటకు మించి పని లేదు.

ఇక ఆల్డ్‌బరా. లివర్‌పూల్ స్ట్రీట్‌లో ఎక్కి, ఇప్స్‌విచ్‌లో మారి, సాక్స్‌మండమ్‌లో దిగి, అక్కణ్ణుంచి బస్సు. బస్సు మనిషికి 3 పౌండ్లు. పొద్దున బయల్దేరినవాళ్ళం చేరేసరికి మధ్యాహ్నం దాటింది, మావారి మూడ్ ఎలా ఉందో ఊహించుకోండి.

బస గది రాత్రికి 138 పౌండ్లు. అందులో ‘సీ వ్యూ’ కోసమే 20. గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. సముద్రమేదని చూస్తే కిటికీలోంచి ఎదుటివాళ్ళ పెంకులు కనిపిస్తున్నాయి. యజమానురాలిని అడిగితే బాత్‌రూమ్‌లోంచి కనిపిస్తుందంది. నిజమే, స్నానాల తొట్టి అంచు మీద నిలబడి ఏటవాలు కప్పులోని అద్దంలోంచి మెడ చాపితే బొటనవేలంత సముద్రం. “ఏమే, ఇరవై పౌండ్ల సముద్రం చూద్దువుగాని రా, నేను పట్టుకుంటాలే” అని మావారు పిలిచారు.

ఊళ్ళో మాకు పనికొచ్చిన తిండి బంగాళాదుంప చిప్స్ ఒక్కటే, పొట్లం 4 పౌండ్ల 80. ఇద్దరం సముద్రపు గాలికి నిలబడి తిన్నాం. అవి మాత్రం బ్రహ్మాండం, వంక పెట్టను. రాత్రి గదిలో అమ్మాయి కట్టిచ్చిన పులిహోర, పెరుగన్నం విప్పాం. గోంగూర సీసా మూత తీసి రెండు చెంచాలు వేసుకుని మళ్ళీ పెట్టేశాం. పొయ్యి వెలిగించలేదు, కుక్కర్ పెట్టలేదు.

పొద్దున ఎనిమిదిన్నరకు టిఫిన్‌కి దిగితే బల్ల మీద బిల్లు. అడుగున ‘గది శుభ్రపరిచే ప్రత్యేక రుసుము 25 పౌండ్లు’. ఎందుకని అడిగాను. మెట్ల దాకా ‘ఘాటైన వాసన’ వచ్చిందంది. పాలసీల క్లాజులతోనే ఉద్యోగమంతా గడిపిన మా ఆయనకు అప్పుడు ఊపొచ్చింది. “ఈ షరతు ఎక్కడుంది, చూపించండి” అన్నారు. ఆవిడ తలుపు వెనక అతికించిన కాగితం తెచ్చి, చీమతలకాయంత అక్షరాల్లో ఒక లైను చూపించింది. బుకింగ్ అప్పుడు చెప్పాలి కదా అంటే, చెప్పానుగా, తలుపు వెనకే ఉందిగా అంటుంది. ఆవిడ తాళింపు పెట్టని బీన్స్ వాసన నేను భరించలేదా? అమ్మాయికి ఫోన్ చేస్తే, “అమ్మా, గొడవ పడకు, కార్డుతో కట్టేయ్, నేను చూసుకుంటా” అంది. కట్టేశాం. ఆ తర్వాత అది ఎన్ని మెయిళ్ళు పెట్టినా ఆ పాతిక తిరిగి రాలేదు.

ఆ కోపంతోనే చర్చి వైపు నడిచాం. సెయింట్ పీటర్ అండ్ సెయింట్ పాల్ చర్చి ఆవరణలో సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్, ఆయన సహచరుడైన గాయకుడు పీటర్ పియర్స్ సమాధులు పక్కపక్కనే ఉంటాయి. ఇమోజెన్ వాళ్ళ వెనక, కొద్ది అడుగుల దూరంలో ఉంది. 1952లో బ్రిటెన్‌కి సహాయకురాలిగా ఈ ఊరొచ్చి, పన్నెండేళ్ళు ఆయన స్వరాలు రాసిపెట్టే పని చేసింది. 1964లో అది మానుకున్నాక తండ్రి పని పట్టుకుంది. ఆయన చేతిరాతలన్నీ సరిచూసి, ఏ రచన ఎప్పటిదో తేల్చి, 1974లో శతజయంతికి పెద్ద పట్టిక వేసింది. ఇరవయ్యేళ్ళకు పైగా ఆల్డ్‌బరా సంగీత ఉత్సవం నడిపించింది. 1984 మార్చిలో ఇక్కడే పోయింది. రాయి మీద తండ్రి ‘హిమ్ ఆఫ్ జీసస్’లోని మాటలు చెక్కారు: గగన గోళాలు మన కోసం పాడుతున్నాయి, సమస్తమూ ఆ నాట్యంలో కలుస్తోంది అని. ఆయన అస్థికలేమో దేశానికి ఇంకో మూల చిచెస్టర్ కేథడ్రల్ నేల కింద ఉన్నాయి. “గోదాట్లో కలిపేస్తే ఈ తిరుగుడు ఉండేది కాదు” అన్నారు మావారు.

రాయి పక్కన గడ్డి మీద కాసేపు కూర్చున్నాను. ఈవిడ 1950 చివర్లో శాంతినికేతన్ వెళ్ళి కొన్ని వారాలుండి మన సంగీతం నేర్చుకుంది. తండ్రి పుస్తకాల్లో చూసిన దేశాన్ని కూతురు వెళ్ళి చూసింది. అక్కడ ఆవిడ తిన్న కూరల వాసనకు ఎవరూ బిల్లు వేసి ఉండరు.

బ్రిటెన్ ఇల్లు రెడ్ హౌస్ కూడా ఈ ఊళ్ళోనే ఉంది, ఓపికుంటే చూడండి. మాకు బస్సు టైమైపోయింది. పొద్దున లండన్‌లో తొందరగా ఎక్కితే ఆల్డ్‌బరా ఒక్క రోజులో చూసి వచ్చేయొచ్చు. ఉండి తీరాలంటే ఇప్స్‌విచ్‌లో ఏదో చెయిన్ హోటల్ చూసుకోండి, అక్కడ ఎవరి గదిలో ఏం తింటున్నారో ఎవరూ వాసన చూడరు.

చివరగా ఒక మధ్యాహ్నం లండన్‌లోని బార్న్స్ వెళ్ళాం. రిచ్‌మండ్‌లో దిగి 1 పౌండు 75 పెన్నీల బస్సు. థేమ్స్ ఎదురుగా 10, ది టెరస్ అనే ఇంట్లో 1908 నుంచి 1913 దాకా హోల్స్ట్ కుటుంబం ఉంది. నీలం ఫలకం తప్ప చూడ్డానికేమీ లేదు, అయిదు నిమిషాల పని. నది గట్టు మీద బెంచీ దొరికితే కూర్చుని, అమ్మాయి ఫోన్లో ఎక్కించిన ‘సావిత్రి’ పెట్టాను. 1965 రికార్డింగు, సావిత్రి జానెట్ బేకర్, సంగీతం నడిపించింది ఇమోజెన్. వాయిద్యాలేవీ లేకుండా యముడి గొంతుతో మొదలవుతుంది. మొత్తం అరగంటే. ఇయర్‌ఫోన్‌లో ఒకటి నాకు, ఒకటి మావారికి. నిద్రపోతారనుకున్నాను, పోలేదు. అయిపోయాక ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, “మన యముడు మూడు వరాలదాకా లాగాడు. వీళ్ళ యముడు ఒక్కదానికే పడిపోయాడే?” అన్నారు.