కండ పెంచాలంటే ఇల్లా, జిమ్మా?

ఖర్చు: ఇంట్లో ఒక జత డంబెల్స్, ఒక పుల్‌అప్ బార్ కొంటే ఏళ్ల తరబడి వస్తాయి. జిమ్‌కి ఫీజు కడుతూనే ఉండాలి.

బరువు: అసలు తేడా ఇక్కడే. కండ పెరగాలంటే దాని మీద భారం మెల్లగా పెరుగుతూ పోవాలి. దండీలు సులువైపోతే కాళ్లు కుర్చీ మీద పెట్టి తీయొచ్చు, వీపున పుస్తకాల సంచి వేసుకోవచ్చు. ఛాతీకి, చేతులకి అది చాలాకాలం సరిపోతుంది. తొడలకి మాత్రం బస్కీలు త్వరగానే చాలకుండా పోతాయి. జిమ్‌లో ఇంకో 2.5 కిలోల ప్లేటు తగిలిస్తే సరి.

రిస్క్: ఇంట్లో తప్పు దిద్దేవాళ్లుండరు. జిమ్‌లో పక్కవాళ్లని చూసి మోయలేనిది ఎత్తితే నడుం పట్టేస్తుంది.

తిండి: ఎక్కడైనా ఒకటే. కిలో ఒంటి బరువుకి రోజుకి సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ ఉండాలి.

కొత్తవాళ్లకి, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి ఇల్లే మేలు. 20 దండీలు తేలిగ్గా తీసేస్తూ కాళ్లు కూడా బలపడాలనుకునేవాళ్లు జిమ్‌లో చేరండి.