హారర్ సినిమాలో హీరోయిన్‌గానో హీరోగానో ఎవరైతే మేలు: తెలిసిన మొహమా, కొత్త మొహమా?

పోస్టర్ మీద పెద్ద స్టార్ ఉంటే క్లైమాక్స్ దాకా ఆ మనిషికి ఏమీ కాదని టికెట్ కొన్నప్పుడే తెలిసిపోతుంది, ఇక చీకటి గదిలోకి ఒంటరిగా వెళ్తున్నా మనకి టెన్షన్ ఎక్కడిది? కొత్తవాళ్ళతో ఈ భరోసా ఉండదు, ఏ సీన్‌లో పోతారో చెప్పలేం. అందుకే భయం ఒక్కటే లెక్క అయితే నా ఓటు కొత్త మొహానికే.

1999లో వచ్చిన ‘ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’లో ముగ్గురు నటులూ సొంత పేర్లతోనే కనిపిస్తారు, కెమెరా కూడా చాలావరకు వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. ఎవరికీ తెలియని మొహాలు కాబట్టే నిజంగా తప్పిపోయారేమో అని జనం నమ్మారు. ‘పారానార్మల్ యాక్టివిటీ’ కూడా ఇదే దారి. కాకపోతే ఇలాంటి ఫౌండ్ ఫుటేజ్ (పాత్రలే తీసుకున్న వీడియో ఎవరికో దొరికినట్టు చూపించే) సినిమాలకి సహజంగా ఉంటే చాలు, పెద్ద నటన అక్కర్లేదు. అసలు పరీక్ష ‘టాక్ టు మీ’ లాంటివాటిలో వస్తుంది. సోఫీ వైల్డ్‌ని నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు, మామూలుగా ఆ అమ్మాయి ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఒంట్లోకి ఇంకేదో దూరినప్పుడు ఆ చూపు, ఆ నవ్వు చూసి ఒళ్ళు జలదరించింది. అదే పెద్ద హీరోయిన్ చేస్తే “అబ్బ, ఎంత బాగా చేసిందో” అనుకుంటాం, అలా అనుకున్నామంటే భయం అప్పుడే సగం పోయినట్టు.

ఈ తేడా ఒకేచోట చూడాలంటే ‘ఇట్’ రెండు భాగాలూ చూడండి. అదే దర్శకుడు, అదే జోకర్, అదే ఊరు. 2017లో పిల్లలు, 2019లో వాళ్ళే పెద్దయ్యాక జెస్సికా చాస్టెయిన్, జేమ్స్ మెకవాయ్ లాంటి పేరున్నవాళ్ళు. నటనలో రెండోదానికి వంక పెట్టలేం, బిల్ హేడర్ అయితే మరీ బాగా చేశాడు, కానీ భయపెట్టింది మాత్రం మొదటిదే. తప్పంతా స్టార్ల మీదే వెయ్యలేం లెండి, రెండో భాగం సాగదీత, పైగా పిల్లలు ప్రమాదంలో ఉంటే పడే కంగారు పెద్దవాళ్ళ విషయంలో ఎలాగూ పడం.

కానీ హారర్ అంటే దెయ్యం ఒక్కటే కాదు కదా. ‘హెరెడిటరీ’లో భోజనాల బల్ల దగ్గర టోనీ కొలెట్ కొడుకు మీద విరుచుకుపడే సీన్ ఉంది. అందులో దెయ్యం లేదు, చీకటి లేదు, ఉన్నదల్లా ఒక తల్లి కోపం, దుఃఖం, నోరు జారాక కూడా ఆగలేకపోవడం. ఆ సినిమాలో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. మొదటి సినిమా చేసే అమ్మాయి చేత ఇది చేయించడం దాదాపు అసాధ్యం. కొలెట్ నటనకి ఆస్కార్ నామినేషన్ కూడా రాకపోవడం మీద నా కడుపుమంట ఇంకా చల్లారలేదు.

‘ద సబ్‌స్టెన్స్’లో డెమీ మూర్ సంగతి ఇంకో రకం. అద్దం ముందు మేకప్ వేసుకోవడం, తుడిచేసుకోవడం, మళ్ళీ వేసుకోవడం, చివరికి బయటికి వెళ్ళకుండానే ఆగిపోవడం... ఒకప్పుడు ఆమె ఎంత పెద్ద స్టారో తెలిసినవాళ్ళకి ఆ సీన్ రెండింతలు గుచ్చుకుంటుంది. అంటే ఇక్కడ తెలిసిన మొహం కథలో భాగమైపోయింది. మమ్ముట్టిని ‘భ్రమయుగం’లో చూసినప్పుడూ ఇదే అనిపించింది, దశాబ్దాలుగా మనం గౌరవించిన ఆ హుందాతనమే ఆ పాడుబడ్డ ఇంట్లో విషంలా మారుతుంది. ‘హెరెటిక్’లో హ్యూ గ్రాంట్ కూడా అంతే, ప్రేమకథల్లో మురిపించిన అదే తడబాటు మాటలు, అదే నవ్వు, వింటుంటే తలుపు ఎటుందా అని చూసుకోవాలనిపిస్తుంది. వీళ్ళ పాత ఇమేజ్‌నే దర్శకుడు మన మీదికి తిప్పాడు. ఆ పని చెయ్యకుండా ఓపెనింగ్స్ కోసం మాత్రమే స్టార్‌ని పెడితే దండగ.

‘బార్బేరియన్’లో ఇంకా చిలిపి పని చేశారు. ‘ఇట్’లో జోకర్‌గా చేసిన బిల్ స్కార్స్‌గార్డ్ ఒక ఇంట్లో అపరిచితుడిగా కనిపించగానే వీడే హంతకుడని మనమే డిసైడ్ అయిపోతాం. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పను, చూడనివాళ్ళు నన్ను తిడతారు.

స్టార్లకీ కొత్తవాళ్ళకీ మధ్య ఇంకో రకం ఉంది: పని బాగా తెలిసి, ఇమేజ్ ఇంకా గట్టిపడనివాళ్ళు. ‘గెట్ అవుట్’ నాటికి డేనియల్ కలూయా అలాంటివాడే. కదల్లేక కూర్చుని, కళ్ళు మాత్రం నీళ్ళతో నిండిపోయే ఆ క్లోజప్‌ని అనుభవం లేనివాడు మొయ్యలేడు, మహా స్టార్ చేస్తే ఎలాగూ బయటపడతాడులే అని నిశ్చింతగా చూస్తాం. ‘మిడ్‌సొమార్’ అప్పటి ఫ్లోరెన్స్ ప్యూ కూడా ఇదే కోవ. లీడ్ రోల్‌కి నా మొదటి ఎంపిక వీళ్ళే, దొరక్కపోతే కొత్తవాళ్ళు, స్టార్లు ఆ తర్వాతే.

ఒక్క పెద్ద పేరుకి మాత్రమే డబ్బులున్నాయంటే దాన్ని బాధితురాలి పాత్ర మీద కాక, భయపెట్టే పాత్ర మీద పెట్టాలి. 2024లో ‘లాంగ్‌లెగ్స్’ వాళ్ళు అదే చేశారు. కథ నడిపేది మైకా మన్రో, భయపెట్టేది నికొలస్ కేజ్, పైగా అంత పెద్ద నటుడి గెటప్‌ని ప్రచారంలో చూపించకుండా దాచేశారు.