650 ఆర్‌పీఎం ఆయిల్ ఇంజను: బావి గట్టు మీద ఏళ్ల తరబడి వాడాక

డీజిల్ ఆదా చేయాలనుకునేవారు దీన్ని కొనకండి. పక్క పొలం వాళ్లతో మంచిగా ఉండాలనుకునేవారు కూడా కాస్త ఆలోచించండి, ఎందుకంటే దీని చప్పుడు ఊరి పొలిమేర దాకా వినబడుతుంది. ఇంజను పని నేర్చుకోవాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి మాత్రం ఇంతకన్నా ఓపికగా నేర్పే యంత్రం ఉందని నేననుకోను.

నా ఉద్యోగం తిరుపతిలో. రామచంద్రాపురం మండలంలో, రాయలచెరువుకు దగ్గరగా కొంచెం పొలం ఉంది. 2021 నవంబరు వానలకు తాతల నాటి దిగుడు బావి నిండింది. బోర్లు వచ్చాక ఎవరూ తొంగి చూడని బావి అది. కరెంటు స్తంభం దూరం, కొత్త సర్వీసు అంటే పెద్ద తతంగం. బెండ, వంగ, కాస్త వేరుశనగ తడపడానికి ఒక ఆయిల్ ఇంజను చాలనుకున్నాం. పాకాల వైపు బెల్లం గానుగ నడిపి పక్కన పడేసిన సెట్టు దొరికింది.

లిస్టర్ నమూనా ఇంజను. 1929లో ఇంగ్లండులోని డర్స్‌లీలో పుట్టిన రూపం. అక్కడ తయారీ ఆగిపోయినా రాజ్‌కోట్ కార్ఖానాలు అదే నమూనాలో ఇంజన్లు చేస్తూ వచ్చాయి. ఒకే సిలిండరు, అటూ ఇటూ రెండు ఫ్లైవీళ్లు (తిరుగుడు ఊపును నిలిపే బరువైన చక్రాలు), 6 హెచ్‌పీ, మొత్తం బరువు 300 కిలోలకు పైనే. తిరిగేది నిమిషానికి 650 చుట్లు, ఆర్‌పీఎం అంటే అదే. పిస్టన్ రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగితే ఒక వరస పూర్తయ్యే నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లకు ఒకసారి మండుతుంది, అంటే సెకనుకు ఐదు దెబ్బల చొప్పున పడతాయి. ఇప్పుడు ఎక్కువగా దొరికే 1500 ఆర్‌పీఎం ఇంజన్లలో అవి పన్నెండు దాటుతాయి. పన్నెండు దెబ్బలు చెవిలో కలిసిపోయి ఒకే మోతగా వినిపిస్తాయి. ఐదింటిని మాత్రం విడివిడిగా వినవచ్చు. ఒక దెబ్బ తప్పినా, ఒకటి మెత్తగా పడినా, చేలో మడవ మారుస్తూ ఉండగానే తెలిసిపోతుంది. కొత్తవాడికి దీనివల్ల కలిగే అసలు లాభం ఇదే.

ఇందులో స్పార్కు ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు, వైరు ముక్క లేదు. గాలిని పదహారు పదిహేడు రెట్లు కుదిస్తే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. నాజిల్ ఆ గాలిలోకి డీజిల్ చిమ్మగానే మండుతుంది. కాబట్టి ఇంజను ఆడకపోతే అడగవలసిన ప్రశ్నలు రెండే: కంప్రెషన్ (గాలి కుదింపు) ఉందా, శుభ్రమైన డీజిల్ అందుతోందా? నా అనుభవంలో గొడవ దాదాపు ఎప్పుడూ రెండో దానితోనే. గాలి, నీళ్లు, మురికి, ఈ మూడింటిలో ఏదో ఒకటి డీజిల్‌లో చేరుతుంది.

గాలి తీయడం నేర్చుకుంటే సగం మెకానిక్ అయినట్టే. ట్యాంకు కుళాయి తెరవండి. ఫిల్టరు మీది గాలి స్క్రూను రెండు చుట్లు వదులు చేయండి. మొదట బుసబుసమంటూ నురగ వస్తుంది, తర్వాత బుడగలు కలిసిన డీజిల్, ఆ తర్వాత నిండు ధార. ధార నిలకడగా ఉన్నప్పుడే స్క్రూ బిగించాలి. ఇదే పని ఇంధన పంపు దగ్గర, చివరగా నాజిల్‌కు వెళ్లే సన్నని పైపు నట్టు దగ్గర. ఇప్పుడు కుదింపు లేకుండా తేలిగ్గా తిరగనిచ్చే డీకంప్రెషన్ లీవరు ఎత్తి పట్టుకుని హ్యాండిల్ మెల్లగా తిప్పండి. అంతా సరిగ్గా ఉంటే ప్రతి రెండో చుట్టుకు నాజిల్ "కిర్రు" మంటుంది. ఆ చప్పుడు రాకుండా హ్యాండిల్ ఎంత తిప్పినా భుజం నొప్పి తప్ప ఏమీ మిగలదు. చప్పుడు వచ్చాక నాలుగైదు చుట్లు ఊపుగా తిప్పి లీవరు వదిలితే, పొగ ఉఫ్‌మని ఊది అందుకుంటుంది.

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి, తేలిగ్గా తీసుకోకండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, పిడి చుట్టూ తిప్పి బిగించకూడదు. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది. హ్యాండిల్ దానంతట అదే జారి బయటికి రావాలి కాబట్టి అది పట్టే షాఫ్టు కొనకు తుప్పు పట్టకుండా కాస్త గ్రీజు రాస్తూ ఉండాలి. రెండోది, బయటికి తీసిన నాజిల్ ముందు చెయ్యి పెట్టకూడదు. మామూలు గాలి ఒత్తిడికి వంద రెట్లు మించిన ఒత్తిడితో వచ్చే ఆ సన్నని తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపిస్తుంది. అయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసిన సంగతి అది.

డీజిల్‌ను బంకు నుంచి తెచ్చి నేరుగా ట్యాంకులో పోయను. క్యాన్‌ను ఒక రాత్రి కదపకుండా ఉంచి, అడుగున రెండు వేళ్ల మందం వదిలేసి, పైదాన్ని సన్నని జాలీ గుండా పోస్తాను. అడుగుది గాజు సీసాలో పోసి చూస్తే నీళ్లు విడిగా దిగి కనిపిస్తాయి. పని అయ్యాక ట్యాంకు నిండుగా ఉంచితే మంచిది, ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి తేమ పడుతుంది. ఇంజను ఆపడానికి కుళాయి కట్టేసి దానంతట అది ఆగిపోయేదాకా చూసే అలవాటు మా చుట్టుపక్కల చాలామందికి ఉంది. పైపుల్లోకి గాలి ఎక్కేది అలాగే. పంపు దగ్గరి లీవరు లాగి ఆపితే మర్నాడు ఏ గొడవా ఉండదు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది నీళ్ల సంగతి. పంపు నుంచి ఒక సన్న పైపు తీసి బావినీళ్లు నేరుగా ఇంజనులోకి పంపడం ఇక్కడి పద్ధతి. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని అందరి నమ్మకం. నిజానికి అతిగా చల్లారిన సిలిండరులో డీజిల్ సరిగా మండదు, మసి గోడల వెంట దిగి నూనెలో కలుస్తుంది, నూనె త్వరగా చిక్కబడుతుంది. పైగా మా బావినీళ్లలో సున్నం ఎక్కువ, లోపల పొర కడుతుంది. నేను ఆ పైపు తీసేసి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి వాననీళ్లు పోశాను. వేడి నీళ్లు పై పైపు నుంచి డ్రమ్ములోకి, చల్లనివి కింది పైపు నుంచి ఇంజనులోకి, మధ్యలో ఏ పంపూ లేకుండా వాటంతటవే తిరుగుతాయి. ఆడుతున్నప్పుడు పై పైపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. చూసినవాళ్లు "ఇంజను కాలిపోతోంది సార్" అని పరుగెత్తుకొస్తారు. కానీ అలా మార్చాక పొగ పలచబడింది, నూనె ఎక్కువ రోజులు శుభ్రంగా ఉంటోంది.

నూనెకు ఫిల్టరు లేదు. కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్న చెంచా లాంటి ముక్క నూనెను ఎగజిమ్ముతుంది, అంతే. అందుకని 100 గంటలకోసారి మార్చి, అడుగు మడ్డిని గుడ్డతో తుడుస్తాను. మన ఎండలకు ఎస్‌ఏఈ 40 అనే చిక్కదనం ఉన్న నూనె పోస్తున్నాను.

ట్యాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) సందు ఫీలర్ గేజితో, అంటే సందు కొలిచే పలచని రేకులతో, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూసుకోవడం ఎవరికైనా సాయంత్రం పని. ఇంధన పంపు లోపలి భాగాలను, నాజిల్ ఒత్తిడిని మాత్రం ముట్టుకోను. వాటికి టెస్టరు ఉన్న షాపు కావాలి. అక్కడా జాగ్రత్త: నల్లపొగ అనగానే పట్టణంలో ఒక షాపులో పంపు, నాజిల్ రెండూ మార్చాలన్నారు. ఇంటికొచ్చి గాలి ఫిల్టరు విప్పితే అది గానుగ నాటి పిప్పి ధూళితో బిగుసుకుపోయి ఉంది. నల్లపొగ అంటే చాలాసార్లు గాలి చాలలేదు, లేదా ఇంజను మీద లోడు ఎక్కువైంది. నీలం పొగ అయితే నూనె మండుతోందని అర్థం, అప్పుడు పిస్టన్ రింగులు చూడాలి.

కాకినాడలో పడవల మీద పనిచేసే మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చి దీన్ని చూసి నవ్వాడు. తెరచాప పడవల్లోని చిన్న డీజిల్ ఇంజన్లలో కూడా గాలి తీసే వరస ఇదేనట. అక్కడ అదనంగా సముద్రపు నీటిని లాగే పంపులో రబ్బరు ఇంపెల్లరు (నీటిని నెట్టే రెక్కల చక్రం) ఉంటుంది, పొడిగా తిరిగితే అది చిరిగిపోతుంది. "నీకు డ్రమ్ము ఉంది మామయ్యా, అదృష్టవంతుడివి" అన్నాడు.

లోపాలు దాచను. గంటకు లీటరుకు పైగా తాగుతుంది. లీటరు వంద రూపాయలకు దగ్గరైన ఈ రోజుల్లో కూరగాయలకు అది గిట్టుబాటు అయ్యేది నీళ్లు పైన ఉన్నప్పుడే. పంపు ఆరేడు మీటర్ల లోతుకు మించి పీల్చలేదు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఇంజను ఖాళీగా కూర్చుంటుంది. బోరు నీళ్లకు ఇది పనికిరాదు.

పాతది కొనేటప్పుడు ముందు హ్యాండిల్‌తో కంప్రెషన్ దాకా తెచ్చి వదలండి. ఫ్లైవీలు వెనక్కి ఎగిరి రావాలి, మెత్తగా దిగిపోతే వాల్వులో రింగులో పోయినట్టు. నూనె మూత తీసి చూస్తే పాలు కలిసిన టీ రంగు కనిపించకూడదు, అది నీళ్లు కలిసిన గుర్తు. ఫ్లైవీలు కుంభం (నడిమి భాగం) దగ్గర పగులు ఉందేమో, దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే చీల వదులైందేమో టార్చి వేసి వెతకండి, అంత బరువైన చక్రం ఊడితే మనుషులకే ముప్పు. ఇక సిమెంటు దిమ్మె లేకుండా దీన్ని నడపలేరు, బోల్టులతో సహా దానికయ్యే ఖర్చును ముందే లెక్కలో వేసుకుని బేరం ఆడండి.