కసమ్ పరేడ్‌కు వందేభారత్: పోయేటప్పుడు ఎక్కండి, వచ్చేటప్పుడు వద్దు

కొడుకో బిడ్డో బెంగళూరులో అగ్నివీర్ ట్రైనింగ్‌లో ఉంటే, పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు కసమ్ పరేడ్‌కు, అంటే ట్రైనింగ్ ముగిశాక ప్రమాణం చేయించే పరేడ్‌కు పోవడానికి ఇప్పుడున్న సుఖమైన బండి కాచిగూడ – యశ్వంత్‌పూర్ వందేభారత్. నంబరు 20703, తిరుగు బండి 20704. 2023 సెప్టెంబర్ 24న మొదలైంది. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్), పారాచూట్ రెజిమెంట్, మిలిటరీ పోలీస్ సెంటర్లు అన్నీ ఆ ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి, ఎవరు ఏ సెంటర్‌లో ఉన్నా ప్రయాణం లెక్క ఒకటే.

పొద్దున ఏడు దరిదాపుల్లో మహబూబ్‌నగర్‌లో ఎక్కితే మధ్యాహ్నం రెండు ప్రాంతంలో యశ్వంత్‌పూర్‌లో దింపుతుంది. పరేడ్ పొద్దుపొద్దున్నే మొదలవుతుంది కనుక ముందు రోజే పోవాలి, ఒక రాత్రి లాడ్జి తప్పదు. పరేడ్ నాడే దిగి పోదామనుకుంటే ఈ బండి పనికిరాదు. వారంలో ఒక రోజు ఇది నడవదు. ఆ సెలవు రోజూ టైమూ మారుతుంటాయి కాబట్టి లాడ్జికి డబ్బు కట్టకముందే చూసుకోవాలి. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, వనపర్తి వాళ్లు మహబూబ్‌నగర్‌కే రావాలి. అలంపూర్ వాళ్లకు మాత్రం కర్నూలు సిటీ స్టేషన్ దగ్గర. నల్లగొండ వాళ్లు కాచిగూడలో ఎక్కాల్సిందే, అంటే తెల్లవారుజామున అక్కడుండాలి.

టికెట్ దగ్గరే అసలు తిప్పలు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, పరేడ్ తేదీ ఖాయమైన కబురు అంత ముందుగా రాదు, వచ్చాక కూడా తేదీ మారొచ్చు. ట్రైనింగ్ మామూలుగా 31 వారాలు కాబట్టి చేరిన తేదీ నుంచి లెక్కేసి ఏ వారమో అంచనా వేసుకోవచ్చు. కానీ అంచనా మీద టికెట్ తీస్తే రద్దు ఖర్చుకు సిద్ధపడాలి. జనరల్ బోగీ లేదు, నిలబడి పోయే వీలు లేదు. తత్కాల్ అయితే ముందు రోజు పొద్దున 10 గంటలకు తెరుచుకుంటుంది, ఆధార్ జోడించిన ఖాతా ఉండాలి. చైర్ కార్‌లో ఐదేళ్లు దాటిన పిల్లలకు పూర్తి టికెట్టే, సగం టికెట్ మాట లేదు. చివరి నిమిషంలో నాన్నకు కుదరక అన్న పోవాల్సి వస్తే టికెట్ రద్దు చేయకండి. బండి బయల్దేరే 24 గంటల ముందు వరకు, సొంత కుటుంబంలో వాళ్ల పేరు మీదికి రిజర్వేషన్ కౌంటర్‌లో మార్పించుకోవచ్చు. చుట్టరికం చూపే కాగితం వెంట ఉంచుకోవాలి. అయితే మారిన మనిషి పేరు సెంటర్ గేట్ దగ్గరి జాబితాలో ఉందా అన్నది వేరే సంగతి. ఆ పేర్లు పిల్లవాడే ముందుగా ఇస్తాడు. ఆధార్ అసలు కార్డు అందరి దగ్గరా ఉండాలి.

ఎక్కేటప్పుడు ఒక జాగ్రత్త. బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. సాగనంపడానికొచ్చిన మేనమామ సంచి పైన పెట్టి దిగుదామని లోపలికొచ్చాడంటే కర్నూలు దాకా పోయినట్టే. సామాను ప్లాట్‌ఫామ్ మీదే అందించమనండి.

లోపల చైర్ కార్‌లో వరుసకు మూడు, రెండు సీట్లు. సీటు కొంచెం వెనక్కి వాలుతుంది, అంతే. కొన్ని సీట్లు బండి పోయే దిక్కుకు వీపు పెట్టి ఉంటాయి, అవి తిరగవు. తిరిగే సీట్లు ఎగ్జిక్యూటివ్ క్లాస్‌లోనే, దాని ఛార్జీ దాదాపు రెట్టింపు. ఈ ప్రయాణానికి అంత పెట్టడం దండగ. దక్షిణానికి పోతుంది గనుక పొద్దటి ఎండ ఎడమ కిటికీల మీద పడుతుంది. గద్వాల ముందు కృష్ణ, కర్నూలు ముందు తుంగభద్ర చూడాలంటే ఏ పక్కైనా ఒకటే. మోకాళ్ల నొప్పులున్న నానమ్మను నడవా పక్క సీట్లో కూర్చోబెట్టండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయకపోతే యశ్వంత్‌పూర్‌లో మెట్లు ఎక్కడం కష్టం.

తిండి వద్దనుకుంటే టికెట్ తీసేటప్పుడే వద్దని పెట్టొచ్చు. ఆ డబ్బు తగ్గుతుంది. జొన్నరొట్టె, పల్లికారం కట్టుకుంటే మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. పిల్లవాడికి తీసుకుపోయేవి సకినాలు, నువ్వుల లడ్డూలు లాంటి పొడి వంటకాలే కావాలి. ముందు రోజు పొద్దున వండిన కోడికూర పరేడ్ అయ్యేసరికి పాడైపోతుంది.

యశ్వంత్‌పూర్ నుంచి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సెంటర్‌కు ఆటో కంటే మెట్రో నయం: గ్రీన్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ పర్పుల్ లైన్ మారితే ట్రినిటీ, హలసూరు. లాడ్జి ఆ చుట్టుపక్కలే చూసుకోండి, యశ్వంత్‌పూర్‌లో కాదు. తెల్లారి నగరం ఆ కొస నుంచి ఈ కొసకు రావడం కష్టం.

ఇక తిరుగు ప్రయాణం. 20704 మధ్యాహ్నం మూడు లోపే యశ్వంత్‌పూర్ వదిలేస్తుంది. పరేడ్ పొద్దున్నే ముగుస్తుంది కదా, సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. పరేడ్ తర్వాత కొన్ని సెంటర్లలో తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ అనే గౌరవ పతకం ఇస్తారు, ఫొటోలు, టీ, ఆ తర్వాత పిల్లవాడు బ్యారక్‌కు పోయి సామాను అప్పజెప్పి, సెలవు కాగితం మీద సంతకాలు పెట్టించుకోవాలి. అది ఎప్పుడు చేతికొస్తుందో వాడికే తెలియదు. పైగా వాడి వెంట నల్ల ఇనుప పెట్టె, చుట్టిన పరుపు ఉంటాయి. వందేభారత్‌లో పైన సన్నటి అర, సీటు కింద కొంచెం చోటు, అంతే. ఆ పెట్టె ఎక్కడా పట్టదు, నడవాలో పెట్టనివ్వరు.

అందుకే రాకకు మైసూరు వైపు నుంచి వచ్చే 12786 కాచిగూడ ఎక్స్‌ప్రెస్ మేలు. సాయంత్రం కేఎస్ఆర్ బెంగళూరులో ఎక్కితే తెల్లవారకముందే మహబూబ్‌నగర్. నెలల తరబడి నాలుగున్నరకే లేచిన పిల్లవాడు కాళ్లు చాపి పడుకుంటాడు. కింది బెర్త్ ఒక్కటైనా దొరికేలా చూసుకోండి, పెట్టె దాని కిందే పడుతుంది. గొలుసు, తాళం ఇంటి నుంచే తెచ్చుకోవాలి. గద్వాల రాగానే లేచి ఆ తాళం తీసి పెట్టెను తలుపు దగ్గరికి చేర్చుకోండి. అప్పటి చీకట్లో స్టేషన్ బయట ఆటోలు తక్కువ, ఇంటి నుంచి ఎవరైనా బండి తెచ్చేలా ముందు రోజే చెప్పి పెట్టండి.