టెర్రాస్కోప్‌తో పదకొండేళ్లు: చెవితో చదవవలసిన పత్రిక

ఇంగ్లండులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక పాత రికార్డుల దుకాణంలో 'టోలెమాయిక్ టెర్రాస్కోప్' సంచికలు తొమ్మిదింటిని ఒకే కట్టగా కొన్నాను. 1989లో ఫిల్ మెక్‌ములెన్, బెవిస్ ఫ్రాండ్ పేరుతో పాటలు చేసే నిక్ సలోమన్‌తో కలిసి మొదలుపెట్టిన ఈ పత్రికను సైకడెలిక్ (భ్రాంతిలో తేలుతున్నట్టు సాగే రాక్) సంగీతాభిమానులకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. నేను రాయదలచుకున్నది సంచికతోపాటు వచ్చిన 7 అంగుళాల రికార్డు గురించి.

ఇంట్లో ప్లేయరు లేకపోవడం వల్లనూ, బయటకు తీస్తే ధర పడిపోతుందన్న పిసినారితనం వల్లనూ నాలుగేళ్లపాటు ఆ రికార్డులను కవరులోంచి కదపలేదు. చివరికి ఒక పాత ప్లేయరు కొని, ఒక ఆదివారం మధ్యాహ్నం మొదటిదాని మీద ముల్లు దించాను. గిటారు దోమలా గీపెట్టింది, గాయకుడి గొంతు చంటిపిల్లవాడి గొంతులా పలికింది. ఈ సంగీతంలో ఇలాంటి వింతలు మామూలే కదా అనుకుని ఒక పక్కంతా భక్తిగా విని, ఎంత సాహసమని మెచ్చుకున్నాను కూడా. మా ఆవిడ పక్కగదిలోంచి వచ్చి, "పాట పరుగెడుతున్నట్టుందండీ, ఒకసారి చూడండి" అన్నాకే లేబులు చూశాను. చిన్న రికార్డు కదా అని వేగపు మీటను 45 (నిమిషానికి 45 చుట్లు) మీద పెట్టాను. పక్కకు రెండేసి పాటలున్న ఆ రికార్డు తిరగవలసింది 33 వేగంతో. మీట మార్చగానే అదే గిటారు నింపాదిగా, ఒక్కో స్వరం వెనక దాని ప్రతిధ్వని విడిగా వినిపిస్తూ సాగింది. సంచికలో ఆ బృందంతో జరిపిన సుదీర్ఘమైన ఇంటర్వ్యూను అంతకుముందు రెండుసార్లు సగంలో వదిలేసిన నేను, ఆ రాత్రి రికార్డు తిప్పుతూ ఒకే విడతలో పూర్తిచేశాను.

ఆ ఇంటర్వ్యూలను మిత్రుల దగ్గర ఆకాశానికెత్తినవాణ్ణి కనుక కొంత సవరించుకోవాలి. సగం బృందాలను వినని నావంటివాడికి, అందులోనూ చత్వారం వచ్చాక, పాట తోడులేని పేజీలు త్వరగా ముందుకు సాగవు. తర్వాతి కాలపు సంచికలకు రికార్డు పోయి సీడీ వచ్చింది. వాటిని ఎందుకో తక్కువగా తీస్తాను. సంచిక సంచికకూ సంగీతం జతచేసిన పత్రిక, నిధుల కోసం 1997లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో టెర్రాస్టాక్ అనే సంగీతోత్సవం జరపవలసి వచ్చిందంటే నాకు ఆశ్చర్యం కలగదు.

అచ్చు ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు పాతవే వెతుక్కోవాలి. ప్లేయరు ఉండి, రికార్డు జతగా దొరికితే కొనమంటాను. విడి సంచికకు అంత డబ్బు పెట్టమని మాత్రం, తొమ్మిదీ చవకగా దొరికిన నేను చెప్పలేను.